మంత్రిగారికి నాలుగో ఉత్తరం

మంత్రిగారూ,
ఇది నాలుగోది.
మొదటి మూడూ అందాయని మీ కార్యాలయం రాసింది,
మూడుసార్లూ అదే వాక్యం, అదే సంతకం,
కలం ఎక్కడా తడబడని సంతకం.
ముప్పైయొక్క ఏళ్ళు డ్రమ్‌కోరా తపాలా కిటికీ వెనక కూర్చున్నదాన్ని.
చెయ్యి పెట్టిందేదో, అచ్చు గుద్దిందేదో
వేలికొసతో తడిమి చెప్పగలను.

ఇక్కడ వాన. లీట్రిమ్‌లో అది వార్త కాదు,
ఉత్తరం అలా మొదలుపెట్టడం మా అలవాటు.

కొత్త యంత్రాల గురించి మీ కరపత్రం వచ్చింది.
నున్నటి కాగితం, నవ్వుతున్న కుటుంబం.
మీట నొక్కితే చాలట,
పాలు పొంగేలోగా ఫలితమట.
అయ్యా, ఐదేళ్ళు భరించబోయే మనిషి కోసం
రెండు రాత్రులు మేలుకోలేమా?

మా అన్న మాలకీ సంగతి మీకింకా రాయలేదు.
లెక్కింపు రోజున బడి ఆటల హాల్లో
బల్లలకీ జనానికీ మధ్య నడుమెత్తు కంచె.
దాని మీద బొర్లా వాలి
అవతల విప్పుతున్న ప్రతి కాగితాన్నీ
తలకిందులుగా చదివేవాడు.
ఎవరికి ఒకటి, ఎవరికి రెండు, ఎవరికి మూడు,
సిగరెట్టు పెట్టె అట్ట మీద గీతలు.
పక్కనే ఎదుటి పార్టీ డింప్నా కారిగన్.
గట్టు తగాదాలో పదేళ్ళుగా మాటల్లేవు ఇద్దరికీ.
అయినా ఆ ఒక్కరోజు
"కొండవాళ్ళ పెట్టెలో మీకెన్ని?" అని అడిగేది.
నిజమే చెప్పేవాడు.
అబద్ధమాడి ఏం లాభం,
ఇద్దరి కళ్ళెదుటే కదా కట్టలు పెరిగేది.

ఒకసారి ఒక కాగితం మీద అంకెల్లేవు.
పేర్ల మీదుగా, అడ్డంగా, పెద్ద అక్షరాల్లో:
"ముందు వంతెన దగ్గర గుంత పూడ్చండి."
చెల్లని ఓటు.
అయినా అధికారి దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు,
అభ్యర్థులు ఐదుగురూ చదివారు,
ఒకాయన చెవులు ఎర్రబడ్డాయి.
మీ యంత్రంలో అది రాయడానికి చోటెక్కడ?

మొన్న మీ ఇంజనీరు కుర్రాడు వచ్చాడు, మర్యాదస్తుడు,
టీ కూడా తాగాడు.
నొక్కాక ఓటు ఎక్కడికి పోతుంది బాబూ, అన్నాను.
లోపలికి, అన్నాడు.
లోపల అంటే?
అది కంపెనీ రహస్యమట.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
మా అమ్మ నాకు నేర్పింది వేరు:
గుట్టుగా ఉండాల్సింది ఓటు.
లెక్క కాదు.

నేను మీకు ఓటెయ్యలేదు, ముందే చెప్తున్నాను.
మావాళ్ళు గెలిచింది నా జన్మలో ఒక్కసారి,
పదకొండు ఓట్లతో, అదీ తిరగలెక్కలో.
మిగతా అన్నిసార్లూ ఓడాం.
ఓటమి మాకు వాన లాంటిది, కోటు తొడుక్కుని ఇంటికొచ్చేస్తాం.
మాలకీ వంటింట్లో ఆ అట్టముక్క విప్పి
ఏ పెట్టెలో, ఏ కట్టలో, ఎన్నింటితో పోయామో
వేలు పెట్టి చూపించేవాడు.
చూశాక అన్నం సహించేది.
గెలిపించమని అడగడం లేదు మంత్రిగారూ.
ఎలా ఓడిపోయానో
కళ్ళారా చూడనివ్వండి.

అతను పోయాక కోటు జేబులో
పెన్సిలు ముక్క దొరికింది, ఓటు గదిలో దారం కట్టి ఉంచే రకం,
దొంగిలించాడో ఏమో.
ఇది దానితోనే రాస్తున్నాను.
మసకగా ఉంటే వెలుతురుకు పట్టి చూడండి.

ఇది కూడా బుట్టదాఖలే అవుతుందని తెలుసు.
కానివ్వండి.
బుట్టలోంచైనా
ఊడ్చే మనిషి ఎవరో తీసి, మడత విప్పి,
చదవొచ్చు.
కాగితానికి ఆ గుణం ఉంది.

ఇట్లు,
అట్రాక్టా మక్‌గవర్న్

తా.క. వంతెన దగ్గర గుంత ఇంకా అలాగే ఉంది.